బానెట్ ఎత్తితే మనంతట మనం ఏమేం చూసుకోవచ్చు?

కొత్తచక్రం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాన్న తొమ్మిదేళ్లు నడిపిన పెట్రోల్ కారు రెండు నెలల క్రితం నా చేతికొచ్చింది. ఇప్పటిదాకా నాకు తెలిసినదల్లా పెట్రోల్ కొట్టించడం, టైర్లలో గాలి పట్టించడం. మొన్న ఒక మలుపు కాస్త స్పీడుగా తిప్పాను. డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఎర్రగా ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

మెకానిక్‌కి చూపిస్తాను. కానీ ఆయన చెప్పినదానికల్లా తలూపి రావడం ఇష్టం లేదు. ముందు నేనే ఏమేం చూడొచ్చు? ఏవి ముట్టుకోకూడదు? నిజం చెప్పాలంటే నిన్న బానెట్ తెరవడమే నా వల్ల కాలేదు. సీటు దగ్గర మీట లాగితే టక్కుమని కొంచెం లేచింది, ఆ తర్వాత ఎంత లాగినా రాలేదు.

స్పానర్‌సెట్ | సోమవారం, రాత్రి 9:52

అది ఆయిల్ ప్రెషర్ లైటు అన్నా. నడుస్తుండగా మళ్లీ వెలిగితే "ఇంటికెళ్లాక చూద్దాంలే" అనుకోవద్దు. బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. మలుపులో వెలిగిందంటే ఆయిల్ బాగా తగ్గి ఉండే అవకాశం ఎక్కువ. అడుగున సంపులో మిగిలిన కాస్త ఆయిల్ మలుపులో ఒక పక్కకి ఒరిగిపోతుంది. పంపు పీల్చే గొట్టానికి ఆయిల్ బదులు గాలి అందుతుంది. లైటు ఒక్క క్షణమే వెలగడానికి కారణం అదే. ఇక కారు కదిలించకుండా పొద్దున్నే డిప్‌స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో చూపించే కడ్డీ, తీసి చూడండి.

బానెట్ కథ: లోపలి మీట చేసేది సగం పనే. లేచిన సందులో వేళ్లు పెట్టి తడమండి, మధ్యలో ఒక చిన్న కొక్కెం తగులుతుంది. కొన్నిటిలో పైకి నొక్కాలి, కొన్నిటిలో పక్కకి జరపాలి. నడుస్తుండగా బానెట్ లేచి అద్దానికి కొట్టుకోకుండా అది కాపలా. ఎత్తాక ఊత రాడ్‌ని దాని గుంటలో సరిగ్గా కూర్చోబెట్టండి. అంచున ఆనించి వదిలేస్తే నెత్తిన పడుతుంది.

కొత్తచక్రం | సోమవారం, రాత్రి 10:05

చాలా థాంక్సండీ. (అన్నని కాదు, అక్కని.) డిప్‌స్టిక్ అంటే పసుపు రింగు ఉన్నదేనా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలా, వేడి మీద చూడాలా? అడిగితే తలా ఒకటి చెబుతున్నారు.

నలభైఏళ్లస్టీరింగ్ | మంగళవారం, ఉదయం 5:50

పసుపు రింగే అయి ఉంటుందమ్మా. కొన్నిటిలో నారింజ రంగు. చల్లగానా వేడిగానా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది, మాన్యువల్‌లో రాసి ఉంటుంది చూడు. ఎలా చూసినా బండి చదునైన చోట ఉండాలి, ఇంజన్ ఆపి ఉండాలి. అప్పుడే ఆపితే పైన ఉన్న ఆయిల్ కిందికి దిగడానికి 5 నుంచి 10 నిమిషాలు ఆగు.

మొదటిసారి లాగినప్పుడు కనబడేదాన్ని లెక్కలోకి తీసుకోకు. గొట్టం గోడలకి అంటిన ఆయిల్ కడ్డీ పొడుగునా పూసుకుని వస్తుంది. పోగులు ఊడని గుడ్డతో శుభ్రంగా తుడిచి, చివరిదాకా దించి, మళ్లీ లాగు. కడ్డీని తలకిందులు చేసి చూడకు, ఆయిల్ వెనక్కి పాకి ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. రెండు వైపులా చూడు. రెండూ సమానంగా లేకపోతే తక్కువ చూపించే వైపే నమ్ము.

తర్వాత ఒక చుక్క రెండు వేళ్ల మధ్య రుద్దు. నల్లగా ఉంటే కంగారు పడకు, పని చేసే ఆయిల్ నల్లబడుతుంది. గరుకు తగిలినా, లోహపు రజను తళుక్కుమన్నా, పాలు కలిసినట్టు తెల్లబారి ఉన్నా స్టార్ట్ చేయొద్దు. అలా తెల్లబారిందంటే ఆయిల్లో కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, కలుస్తూ ఉండొచ్చు.

కొత్తచక్రం | మంగళవారం, ఉదయం 7:20

చూశానండీ. మూడుసార్లు తుడిచి మూడుసార్లు చూశాను. కడ్డీ కొసన ఆవగింజంత తడి. మిన్ (కనీసం ఉండాల్సిన) గీతకి కూడా అందలేదు. చేతులు చల్లబడ్డాయి, ఇన్ని రోజులూ ఇలాగే నడిపానా అని. గరుకు లేదు, తెల్లగా లేదు, నల్లగా మామూలుగానే ఉంది. ఆయిల్ పోసే మూత మీద 5డబ్ల్యూ-30 అని ఉంది, మాన్యువల్‌లోనూ అదే ఉంది. ఎంత పోయాలి?

గాలివాటం | మంగళవారం, ఉదయం 8:02

మ్యాక్స్ దాటేలా ఒక గ్లాసు ఎక్కువే పోసేయండి మేడమ్. తక్కువైతే ప్రమాదం గానీ ఎక్కువైతే ఏమవుతుంది? మళ్లీ కొన్నాళ్లు చూసుకునే పని ఉండదు.

స్పానర్‌సెట్ | మంగళవారం, ఉదయం 8:15

గాలివాటం గారూ, దయచేసి ఇలా చెప్పకండి. లెవెల్ మరీ పెరిగితే కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్లో మునిగి దాన్ని చిలికేస్తుంది. నురగ వస్తుంది. నురగంటే సగం గాలే, పంపు దాన్ని సరిగా తోయలేదు. అంటే తక్కువైనప్పుడు వచ్చే కష్టమే మళ్లీ వస్తుంది. పైగా సీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది.

అక్కా, చాలా కార్లలో మిన్ నుంచి మ్యాక్స్‌కి సుమారు ఒక లీటరు తేడా ఉంటుంది. మీకు మిన్ కన్నా కిందే ఉంది కాబట్టి ముందు అర లీటరు పోసి, పది నిమిషాలాగి, కడ్డీ చూడండి. ఆ తర్వాత కొంచెం కొంచెంగా. పై గీతకి కాస్త కిందే ఆపండి. గరాటు వాడండి. వేడి సైలెన్సర్ గొట్టం మీద ఒలికితే పొగలొస్తాయి, కొంప అంటుకుందేమో అని మీరే హడలిపోతారు.

5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే చలికాలం. ముందున్న 5 చల్లటి ఇంజన్లో ఆయిల్ ఎంత త్వరగా పారుతుందో చెబుతుంది, వెనకున్న 30 వేడెక్కాక దాని చిక్కదనం. "పాత బండి కదా, చిక్కటిది పోయండి" అని ఎవరన్నా అంటే వెంటనే ఒప్పుకోకండి, మాన్యువల్ ఒప్పుకోవాలి.

నలభైఏళ్లస్టీరింగ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

పోయడం సరే, పోయిన ఆయిల్ ఎక్కడికి పోయిందో తేల్చుకో అమ్మా. రాత్రి బండి కింద ఇంజన్ ఉన్నంత మేర ఒక అట్టముక్క పరిచి పొద్దున చూడు. గోధుమ రంగు, నలుపు జిడ్డు మరకలైతే ఇంజన్ ఆయిల్. పచ్చగానో గులాబీగానో ఉండి తియ్యటి వాసనొస్తే కూలెంట్. రంగూ వాసనా లేని నీళ్లైతే ఏసీ నీళ్లు, హాయిగా వదిలెయ్. లేత పసుపుగా, వేలికి జారుడుగా చక్రం దగ్గర కనిపిస్తే బ్రేక్ ఆయిల్, ఆ బండి నడపొద్దు.

అట్ట శుభ్రంగా ఉండి కూడా ఆయిల్ తగ్గుతుంటే ఇంజన్ తాగుతోందన్నమాట. వయసైన ఇంజన్లు కొంత తాగుతాయి. వెనక నీలం పొగ వస్తుంటే బాగానే తాగుతోందని.

రాత్రిబండి | మంగళవారం, సాయంత్రం 6:44

నాది తిరకాసు కేసు. మాది డీజిల్. ఆయిల్ తగ్గడం కాదు, పెరుగుతోంది! మార్చిన నెలన్నరకి మ్యాక్స్ పైన ఉంది. పోసినవాడు ఎక్కువ పోశాడని తిట్టుకున్నాను.

స్పానర్‌సెట్ | మంగళవారం, సాయంత్రం 7:10

రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పుతారా? పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, ఉన్న బండి అయితే ఇది జరిగేదే. ఆ మసిని కాల్చడానికి ఇంజన్ కొంచెం ఎక్కువ డీజిల్ చిమ్ముతుంది. మధ్యలోనే మీరు ఆపేస్తుంటే ఆ పని పూర్తవదు, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్లో చేరుతుంది. కడ్డీని వాసన చూడండి, డీజిల్ కంపు కొడితే ఆయిల్ పలచబడిందన్నమాట. అది మార్పించాలి. మ్యాక్స్ మరీ దాటితే నడపకండి. పోసినవాడు నిర్దోషి కావచ్చు.

రాత్రిబండి | మంగళవారం, సాయంత్రం 7:31

కంపు కొడుతోంది. ఆఫీసు ఇంటికి రెండు కిలోమీటర్లు. పాపం అతన్ని ఎన్ని మాటలన్నానో.

కొత్తచక్రం | బుధవారం, ఉదయం 7:55

ముప్పావు లీటరు పట్టింది. గీత ఇప్పుడు మ్యాక్స్‌కి రెండు మిల్లీమీటర్ల కింద. లైటు రాలేదు. అట్ట మీద ఆయిల్ చుక్క లేదు. కానీ రేడియేటర్ వైపు అంచున రూపాయి బిళ్లంత గులాబీ మరక ఉంది. కూలెంట్ డబ్బా మీద ఎంత దుమ్ము పట్టిందంటే లోపలేముందో కనబడలేదు. తుడిచి వెనక నుంచి టార్చి వేస్తే తేలింది, మిన్ గీతకి వేలెడు కిందుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. నీళ్లు పోయనా?

గాలివాటం | బుధవారం, ఉదయం 8:20

రేడియేటర్ మూత తీసి నీళ్లు పోసేయండి. మేమంతా అదే చేస్తాం.

నలభైఏళ్లస్టీరింగ్ | బుధవారం, ఉదయం 8:26

ఆగమ్మా! ఇంజన్ వేడిగా ఉంటే ఆ మూత ముట్టుకోకు. ఒకసారి దారిలో బండి వేడెక్కితే పావుగంట ఆగాననే ధీమాతో నేను మూత తిప్పాను, చేతిలో తువ్వాలు కూడా ఉంది. సగం మర తిరిగిందో లేదో బుస్సుమని లేచింది. తువ్వాలు ఎక్కడికి ఎగిరిందో తెలియదు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ఊడిపోయింది. ముప్పై ఏళ్లైంది, ఎండలో ఆ భాగం ఇప్పటికీ వేరే రంగులో కనిపిస్తుంది. పావుగంట చాలదు. పై గొట్టం మీద చెయ్యి వేస్తే చల్లగా తగలాలి, నొక్కితే మెత్తగా అణగాలి. అప్పుడే మూత.

తూకంరాయి | బుధవారం, ఉదయం 9:05

పెద్దాయన చెప్పినదానికి కారణం: ఆ వ్యవస్థ మూసిన కుక్కర్ లాంటిది. లోపల ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. ఒత్తిడి సుమారు ఒక బార్ పెరిగితే మరిగే వేడి 120 దాకా పోతుంది. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, అంత వేడి ద్రవం ఒక్కసారిగా ఆవిరై చిమ్ముతుంది.

ఇక ఏం పోయాలన్నది. కూలెంట్ అంటే రంగు నీళ్లు కాదు. అందులో గ్లైకాల్, తుప్పు పట్టకుండా చేసే మందులు ఉంటాయి. సగం గ్లైకాల్, సగం నీళ్లు ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, మరిగే వేడి కూడా పెరుగుతుంది. ఊరికే నీళ్లు పోస్తూపోతే ఆ మందులు పలచబడిపోయి లోపల తుప్పు, సున్నం పేరుకుంటాయి. కలుపుకునేదైతే డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి, కలిపి అమ్మేదైతే అలాగే పోయండి. రంగు చూసి కొనకండి. ఏ రంగు ఏ రకమో అన్ని కంపెనీలకీ ఒకటే లెక్క లేదు. రకాలు కలిస్తే మందు బలం తగ్గుతుంది, కొన్ని విరిగి జిగురులా కూడా అవుతాయి. మాన్యువల్‌లో రాసిన రకం తెచ్చుకోండి.

ఒలికితే వెంటనే కడగండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు పిల్లులు నాకుతాయి. అది విషం.

గాలివాటం | బుధవారం, ఉదయం 9:40

సరే, ఒప్పుకుంటున్నా. కానీ దారి మధ్యలో ఇరుక్కున్నప్పుడు మీ డిస్టిల్డ్ వాటర్ ఎవడిస్తాడండీ?

తూకంరాయి | బుధవారం, ఉదయం 9:48

అప్పుడు తాగే నీళ్లే పోయండి, తప్పు లేదు. పూర్తిగా చల్లారాకే పోయాలి, కాగిన ఇంజన్లో చన్నీళ్లు పోస్తే లోహం పగలొచ్చు. ఇంటికి చేరాక ఆ నీళ్ల సంగతి మర్చిపోవడమే తప్పు.

కొత్తచక్రం | గురువారం, రాత్రి 8:15

సరైన రకం తెచ్చి పోశాను, రెండు గీతల మధ్యకి. డబ్బా మీద మార్కర్ పెన్నుతో చిన్న గీత పెట్టాను, తగ్గితే తెలియాలని. బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా చూశాను, మ్యాక్స్‌కి ఒక సెంటీమీటరు కిందుంది. దాన్నీ నింపేయనా? ఇప్పుడు పోయడం అలవాటైపోయింది :)

స్పానర్‌సెట్ | గురువారం, రాత్రి 8:40

దాన్ని మాత్రం వదిలేయండి అక్కా. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది. అందుకే లెవెల్ మెల్లగా దిగుతుంది. ఇప్పుడు నింపేస్తే కొత్త ప్యాడ్లు వేసిన రోజు పొంగి పొర్లుతుంది, పడిన చోటల్లా పెయింట్ లేచిపోతుంది. మిన్ దగ్గరికి వచ్చినా, ఉన్నట్టుండి తగ్గినా ప్యాడ్లు, లీకేజీ రెండూ చూపించాలి. అంతేగానీ పోసి మూత పెట్టేసే వ్యవహారం కాదు.

అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155. దిగుడు దారిలో బ్రేకులు వేడెక్కి ఆ తేమ మరిగిందంటే పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. ఇంట్లో ఎప్పుడో తెరిచిన సీసా ఉంటే వాడకండి. డాట్ 5 అన్నది సిలికాన్, పెద్ద అంకె కదా అని 4లో కలిపేయకండి. 5.1 మళ్లీ వేరు. పేర్లు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి.

రాత్రిబండి | గురువారం, రాత్రి 9:15

ఆయిల్ మార్పించాను. పనిలో పనిగా బ్యాటరీ గురించి కూడా ఒకటి. పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్ తప్ప కదలడం లేదు. టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా పువ్వు పూసినట్టు బూజు పట్టింది. కొత్త బ్యాటరీయేనా?

నలభైఏళ్లస్టీరింగ్ | శుక్రవారం, ఉదయం 5:45

కొనకముందు ఆ పువ్వు కడుగు నాయనా. కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకో. వంటసోడా నీళ్లలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు, బుసబుసా పొంగి వదిలిపోతుంది. తడి గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, బిగించాక పైన పల్చగా పెట్రోలియం జెల్లీ రాయి.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. కారు బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. ముందు ప్లస్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలిందా, నిప్పులే. బ్యాటరీ పక్కన హైడ్రోజన్ ఉండొచ్చు, అందుకే అక్కడ బీడీ సిగరెట్టు కూడా వద్దు. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసెయ్.

తూకంరాయి | శుక్రవారం, ఉదయం 8:10

చిన్న మల్టీమీటర్ ఉంటే ఊహించే పని ఉండదు. బండి రాత్రంతా ఆగాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు వంతు. 12కి దిగితే దాదాపు అడుగంటినట్టే. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్, అంటే ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది, ఛార్జ్ ఇస్తోంది. ఇంజన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. కొత్త కార్లలో కొన్ని ఛార్జింగ్‌ని కంప్యూటర్‌తో పెంచి తగ్గిస్తాయి, ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకండి.

చప్పుడులేనిబండి | శుక్రవారం, ఉదయం 11:30

మాది కరెంటు కారు, అయినా ఈ థ్రెడ్ మొత్తం చదివాను. మాకు ఇంజన్ ఆయిల్ లేదు గానీ బ్రేక్ ఆయిల్, కూలెంట్, అద్దం కడిగే నీళ్లు, ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉన్నాయి. ఆ చిన్నది చస్తే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు లేవదు. నారింజ రంగు కేబుళ్లని మాత్రం ముట్టుకోవద్దు. వందల వోల్టులు.

స్పానర్‌సెట్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:05

మంచి మాట. మామూలు కార్లవాళ్లకి కూడా ఒక హెచ్చరిక. రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆపాక కూడా దానంతటది తిరగొచ్చు. చున్నీ, పొడుగు చేతులు, విరబోసిన జుట్టు దాని దగ్గర వద్దు. ఫ్యాన్ బెల్ట్ చూడాలంటే ఇంజన్ ఆపే చూడండి: పగుళ్లు, ఊడిన పోగులు, అద్దంలా మెరుపు. స్టార్ట్ చేయగానే కీచుమంటే అది వదులైందనో, అరిగిందనో అనుకోవచ్చు. ఇంజన్ లోపలి భాగాల్ని ఒక లయలో తిప్పే టైమింగ్ బెల్ట్ పైకి కనపడదు, దానికి మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లు, ఏళ్లే లెక్క.

ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి చాలా కార్లలో కొన్ని క్లిప్పులే, రెండు నిమిషాల పని. కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడగకండి.

రాత్రిబండి | శుక్రవారం, రాత్రి 9:50

పువ్వు కడిగాక 12.5 చూపించింది, ఒక్క కొట్టుకి లేచింది. ఆ ఊపులో ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా తీశాను. లోపల ఎలుక గూడు! దూది, ఎండాకులు, ఒక చాక్లెట్ కాగితం. వైర్లు కొరకలేదు, అదృష్టం.

కొత్తచక్రం | ఆదివారం, రాత్రి 10:30

రిపోర్ట్. మూడు రోజుల్లో కూలెంట్ నా మార్కర్ గీత కన్నా అర సెంటీమీటరు దిగింది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గొట్టాల వెంట టార్చి వేసుకుంటూ వెళ్లాను. రేడియేటర్ కింది గొట్టం క్లిప్పు దగ్గర గులాబీ రంగులో ఉప్పు పేరుకున్నట్టు పొర కనిపించింది. గోటితో గీకితే పొడిగా రాలింది, దాని కింద తడి. ఆ చోట గొట్టం నొక్కితే మిగతాచోట్ల కన్నా మెత్తగా, ఉబ్బినట్టు ఉంది. ఫొటో తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట "రేడియేటరే మార్చాలేమో" అన్నాడు. ఫొటో చూపించాను. వంగి చూసి, "అవును, గొట్టమే" అని గొట్టం, క్లిప్పు మార్చాడు. అరగంట పని.

ఆయిల్ ఈ వారంలో ఏమీ తగ్గలేదు. నాన్నని అడిగితే, చూపు మందగించాక డిప్‌స్టిక్ గీత కనబడక చూడటం మానేశానన్నారు. అంతకుముందు ప్రతి ఆదివారం చూసేవారట, డ్యాష్‌బోర్డు అరలో ఆ గుడ్డ ఇంకా ఉంది. అదే వాడుతున్నాను.

ఇప్పుడే పడుకోబోతూ ఒక అనుమానం వచ్చింది, పొద్దున ఆయిల్ మూత తీసి లోపల టార్చి వేశాను కదా, మళ్లీ బిగించానా అని. చెప్పులేసుకుని కిందికెళ్లి బానెట్ ఎత్తి చూసొచ్చాను. బిగించే ఉంది. టార్చి మాత్రం బ్యాటరీ పక్కన దొరికింది.